మస్తాన్ వలి గారి నాలుగు కిటికీలు

మస్తాన్ వలి గారు పోయారు. శుక్రవారం మధ్యాహ్నం మస్కట్ శివారు అల్ ఖౌద్‌లోని తమ ఇంట్లో, జుమ్మా నమాజుకు బయలుదేరబోతూ, చెప్పులు తొడుక్కోవడానికి కుర్చీలో కూర్చున్నవారు మళ్ళీ లేవలేదు. ఈ దుర్వార్త చెవిన పడగానే దుఃఖసాగరంలో మునిగిపోయానని రాయడం సంస్మరణ వ్యాసానికి మర్యాద. కానీ ఆ మహానుభావుడు కాగితం మీద అబద్ధం సహించని మనిషి కాబట్టి నిజమే రాస్తాను. వినగానే నేనన్నది ఇది: "మరి ఆదివారం కిటికీలు ఎవరు తెరుస్తారు?"

మా ఆవిడ సుగుణ ఆసుపత్రిలో నర్సు. చావులు చూసి చూసి గట్టిపడిన మనిషి. ఆవిడే బిత్తరపోయింది. "ఏమండీ, మనిషి పోయాడని చెబితే అడగాల్సిన మాటేనా అది?" అంది.

అడగాల్సిన మాటే. ఒమాన్‌లో సెలవులు శుక్ర, శనివారాలు, ఆదివారం నుంచే పని. నేనూ మస్తాన్ గారూ పనిచేసేది అల్ ఖువైర్‌లో ఒక ఆరోగ్య బీమా కంపెనీ. ఆసుపత్రివాళ్ళు రోగిని ఆపరేషన్ బల్ల ఎక్కించాలంటే మా గది నుంచి అనుమతి ఉత్తరం వెళ్ళాలి. ఉత్తరం వెళ్ళాలంటే మెయిన్‌ఫ్రేమ్ అనే ఆదిమ మహాయంత్రాన్ని అర్థించాలి. ఆ యంత్రం ఎక్కడో చల్లటి గదిలో ఉంటుందని ప్రతీతి. మాలో ఎవరూ కళ్ళారా చూడలేదు, భగవంతుడిలాగే నమ్ముతాం. దానితో మాట్లాడటానికి మా కంప్యూటర్లలో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది. నల్లటి తెర, దానిమీద పచ్చటి అక్షరాలు, అంతే. ఆ యంత్రరాజం ఒక కిటికీలోంచి ఒక్క సంగతే సెలవిస్తుంది. బీమా మనిషి వివరాలు మొదటి కిటికీలో, ఆసుపత్రి సంగతి రెండో దాంట్లో, రోగి పాత జబ్బుల పురాణం మూడో దాంట్లో. నాలుగో కిటికీలోంచి ఉత్తరం. ఈ నాలుగూ ఏకకాలంలో పక్కపక్కన తెరుచుకుని ఉంటేనే పని. పన్నెండేళ్ళుగా మా గదిలో ఈ చతుర్గవాక్ష ఉద్ఘాటన మహోత్సవం మస్తాన్ వలి గారి స్వహస్తాల మీదుగా తప్ప జరిగి ఎరగదు. అవి తెరుచుకోని రోజున ఈ మస్కట్‌లో ఎవరో ఒకరు తుంటి విరిగో, పిత్తాశయంలో రాళ్ళతోనో, బల్ల దాకా వెళ్ళి వెనక్కి రావలసిందే.

కీర్తిశేషులు కడప జిల్లాలో పుట్టారు. పుట్టేటప్పుడు కూడా మంత్రసానిని "ఉండుప్పా" అని కాసేపు ఆపే ఉంటారని నా ప్రగాఢ విశ్వాసం. ఆరడుగుల మనిషి, మంచులాంటి గడ్డం, ఇస్త్రీ మడత చెదరని చొక్కా. చొక్కా జేబులో రెండు పెన్నులు. ఒకటి రాసుకోవడానికి, రెండోది ఎవరైనా అడిగితే ఇవ్వడానికి. ఆ రెండోది రాయదు.

ఉదయం ఏడున్నరకు ఆసీనులయ్యేవారు. ఎడమవైపు ఫ్లాస్కు, కుడివైపు చిన్న గాజు గ్లాసు. ఫ్లాస్కులో వారి బీబీ గారు కాచి ఇచ్చిన సులైమానీ, అంటే పాలు లేని టీ, నాలుక తగిలితే బొబ్బలెక్కేంత వేడి. ఆయన మొదటి కిటికీ తెరిచేవారు. నల్ల తెర వచ్చేది. పచ్చ అక్షరాలు వచ్చేవి. కింద మూలన "సిద్ధం" అన్న గుర్తు కూడా వచ్చేది. ఇక రెండోది తెరవొచ్చు కదా. తెరవరు. గ్లాసులో సగానికి టీ పోసుకుని, ఊదుకుంటూ, చప్పరిస్తూ, ఆ సగం అడుగంటేదాకా తాగి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు రెండో కిటికీ. మళ్ళీ సగం గ్లాసు. మూడోది. మళ్ళీ సగం. ఈ ధారావాహిక సాగుతున్నంతసేపూ పక్క కుర్చీలో కూర్చునే అభాగ్యుడి గతి ఆలోచించండి. ఆ అభాగ్యుడు నేనే.

"మస్తాన్ గారూ, సిద్ధం అని వచ్చేసిందండి. తెరిచేయండి మరి," అనేవాణ్ణి.

"వచ్చిండాది లేప్పా. అది అట్లనే చెప్తాది. నమ్మొద్దు."

"కంప్యూటర్ అబద్ధం ఆడుతుందాండి?"

"కిటికీ తెర్సినంత మాత్రాన అయిపోయెనా గోదారాయనా? గాలి వచ్చేదాంకా ఆగల్ల."

ఈ సూక్తి నేను పన్నెండేళ్ళు విన్నాను. ఆ నిరీక్షణలో మా పెద్దమ్మాయి బడి ముగించింది, కాలేజీ ముగించింది, ఉద్యోగంలో కూడా చేరింది. రెండో కిటికీ ఇంకా తెరుచుకోలేదన్నట్టే ఉండేది నాకు.

పోనీ, ఆ ఆగిన కాసేపూ ఆయన మౌనంగా ఉంటారా అంటే అదీ లేదు. లోకకుశలం విచారించేవారు. మొదటి కిటికీకి మా ఇల్లు. "ఏమప్పా, నీ పాపకు జొరం తగ్గిండాదా?" మా పాపకు జ్వరం వచ్చిన సంగతి ఆయన నోటి ద్వారా నాకు తెలిసిన సందర్భాలు లేకపోలేదు. రెండో కిటికీకి మా కంప్యూటర్ల మనిషి నయీమ్ ఇంటి సంగతి. మూడోదానికి మా ఒమానీ మేనేజరు, మేము ముదీర్ అని పిలుచుకునే పెద్దాయన మోకాలి నొప్పి. నాలుగోదానికి ఎవరూ మిగలకపోతే గోడమీద ఏసీ ఆరోగ్యం.

ఒకరోజు ఫ్లాస్కు ఇంట్లో మరిచిపోయి వచ్చారు. ప్యాంట్రీ నుంచి టీ తెప్పించాం. గ్లాసు వేలితో తాకి, "చల్లగుండాది. పనికిరాదు," అన్నారు. ఎదురుగా ముదీర్ నిలబడి ఉన్నారు. "యల్లా మస్తాన్, ఆసుపత్రి వెయిటింగ్," అని తొందరపెడుతున్నారు. ఈయన లేచి, "ఖమ్స దఖీఖ సార్," అని అయిదు నిమిషాలు అడిగి, స్వయంగా వెళ్ళి నీళ్ళు మరిగించుకుని వచ్చి, అప్పుడు కిటికీలకు కూర్చున్నారు. అంతటి అహంభావిని నా జన్మలో చూడలేదని ఆ సాయంత్రం ఇంట్లో సుగుణతో అన్నాను. "ఈయన నాలుకకు టీ వేడిగా తగలాలట, అవతల జనం బల్లమీద పడి ఉండాలట," అన్నాను. ఈ మాట ఇక్కడ ఎందుకు రాస్తున్నానో తర్వాత తెలుస్తుంది.

రంజాన్ వస్తోందంటే మావాళ్ళలో అందరికన్నా ఆనందించిన క్రైస్తవుణ్ణి నేను. ఉపవాసం కదా, టీ ఉండదు కదా, కిటికీలు టపటపా తెరుచుకుంటాయి కదా. మొదటి ఉపవాసం నాటి ఉదయం ఆయన మొదటి కిటికీ తెరిచి, జేబులోంచి తస్బీ తీశారు. జపమాల. ఒక్కో పూసా నెమ్మదిగా జారుతోంది. ఒక్కో కిటికీకి ఒక పూర్తి చుట్టు, తొంభైతొమ్మిది పూసలు. భగవన్నామస్మరణలో ఉన్నవాణ్ణి తొందరపెట్టడానికి నోరు రాలేదు. లోపల మాత్రం నాకు మా రాజమండ్రి ఎండాకాలం.

నయీమ్ హైదరాబాదువాడు, చురుకైనవాడు. నా బాధ చూడలేక ఒక ఐకాన్ తయారుచేశాడు. దాన్ని ఒక్కసారి నొక్కితే నాలుగు కిటికీలూ ఒకేసారి తెరుచుకుంటాయి.

"మస్తాన్ సాబ్, ఒక్క క్లిక్. రెండు సెకన్లు. ఖతం," అన్నాడు.

"నక్కో మియా," అని వద్దన్నారు ఈయన. "నలుగురు పిల్లోళ్ళను ఒకే దినం, ఒకే తలుపులో బడికి తోల్తే, పంతులు ఎవురి పేరు ఎవురికి రాసుకుంటాడో ఎవురికి తెలుసు."

నయీమ్ నా వంక చూశాడు. నేను నయీమ్ వంక చూశాను. ఇద్దరం కలిసి ఏసీ వంక చూశాం.

న్యాయంగా ఒక మాట చెప్పాలి. నేర్పుతానని ఆయన అనకపోలేదు. "నాలుగు దినాలు నా పక్కన సక్రంగా కూసోప్పా, నేర్చుకుందువు. రేపు నేను లేకుంటే ఎట్ల?" అనేవారు. "మీరు ఎక్కడికి వెళతారండీ. మీ రెండో కిటికీ తెరుచుకునేసరికి నేనే రిటైరవుతాను," అనేవాణ్ణి. నిజానికి ఆయన సెలవు మీద ఊరెళ్ళినప్పుడు కూడా మాకు ఆ అవసరం రాలేదు. కంప్యూటర్ ఆపకుండా, నాలుగు కిటికీలూ తెరిచే ఉంచి, ముట్టవద్దని మూడు భాషల్లో కాగితం అంటించి వెళ్ళేవారు. మరి రోజూ అలాగే వదిలేయొచ్చు కదా అంటే, "మనం ఇంటికి పోయి పండుకుంటాం. అది పండుకోవద్దా?" అనేవారు. పోవడానికి ముందురోజు, ఆ గురువారం సాయంత్రం కూడా నాలుగోది, మూడోది, రెండోది, మొదటిది వరసగా మూసి, గ్లాసు కడుక్కుని వెళ్ళారు.

శనివారం ఖననం. నేనూ మూడు దోసిళ్ళ మట్టి వేశాను. ఆదివారం ఏడున్నరకు ఆయన కుర్చీ పక్కన నా కుర్చీలో కూర్చున్నాను.

ఆ రోజు మొదటి కేసు ఎల్లయ్యది. తెలంగాణ మనిషి, సైట్‌లో తాపీపని, పరంజా మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుని సుగుణ వార్డులోనే ఉన్నాడు. ఆపరేషన్ చేసే డాక్టరు ఆ ఆసుపత్రికి వారానికి ఒక్క ఆదివారమే వస్తాడు, రెండింటికి వెళ్ళిపోతాడు. ఆ పూట తప్పితే ఎల్లయ్య ఇంకో వారం అలాగే పడి ఉండాలి. ఆలస్యమయ్యేకొద్దీ ఎముక సరిగ్గా కూడదని, కుంటు మిగులుతుందని సుగుణ పొద్దున్నే చెప్పింది. "అతనిది ముందు పంపించండి, మర్చిపోకండి," అని గుమ్మం దాకా వచ్చి మరీ చెప్పింది.

ఆయన కంప్యూటర్ ముందుకు జరిగి నయీమ్ ఐకాన్ నొక్కాను. నాలుగు కిటికీలు. రెండు సెకన్లు. సామ్రాజ్యాలు జయించినవాళ్ళకు కూడా అంతటి గర్వం కలిగి ఉండదు. "చూశారా మస్తాన్ గారూ," అన్నాను ఖాళీ కుర్చీతో.

ఎల్లయ్య ఉత్తరం సిద్ధం చేసి పంపాను. ప్రింట్ అయిందని తెర చెప్పింది. ప్రింటర్ మాత్రం నిద్రలేవలేదు. మళ్ళీ పంపాను. అయిందంది. నయీమ్ వచ్చి ప్రింటర్ పొట్ట విప్పి, కాగితాలు సర్ది, తీగ పీకి మళ్ళీ గుచ్చాడు. మళ్ళీ పంపాను. అయిందంది. పదకొండున్నరకు సుగుణ ఫోన్.

"ఏవండీ, ఉత్తరం ఏదండీ? ఇతను రాత్రి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. డాక్టరు గారు వాచీ చూసుకుంటున్నారు. ఇదిగో, ఇతనే మాట్లాడతాడట."

"సారూ," అన్నాడు ఎల్లయ్య. "జెర జల్ది చేయుండ్రి సారూ. నోరెండుకపోతాంది. నొప్పి సంగతి నేను చూసుకుంట, కాలు సంగతి మీరు చూడుండ్రి."

నాలుగోసారి పంపాను. అప్పుడు మోగింది ఇంకో ఫోను.

"అనా, సలాలా బ్రాంచి నించి సుబ్బారెడ్డిని. ఎల్లయ్య ఎవరనా?"

ఈయన నెల్లూరు మనిషి, మా కంపెనీకి అక్కడి కొమ్మ. ఎల్లయ్య కాగితాలు దగ్గరికి లాక్కున్నాను. "ఏమైందండీ?"

"ఏముండాది. పొద్దన్నించి మా ప్రింటర్లో ఆయన ఉత్తరాలే దిగతా ఉండాయి. నాలుగొచ్చినాయి. ఆయనకి ఇరిగింది ఒక తుంటేనా, నాలుగా?"

సలాలా మాకు వెయ్యి కిలోమీటర్ల దూరం. నకలు పనికిరాదు, అసలు ఉత్తరం మీదే పడాల్సిన స్టాంపు మా ముదీర్ సొరుగులో ఉంటుంది. స్టాంపు లేని ఉత్తరాన్ని ఆసుపత్రివాళ్ళు చేతి గుడ్డగా కూడా వాడరు.

నయీమ్ తలపట్టుకుని నా పక్కన కూలబడ్డాడు. కాసేపు తెర చూసి, చిన్నగా అన్నాడు. "సార్, మెయిన్‌ఫ్రేమ్ ఒక్కో కిటికీకి ఒక్కో పేరిస్తది. వచ్చిన వరుసల ఇస్తది. మన ప్రింటర్ నాలుగో పేరుకే కట్టేసి ఉంది. నాలుగూ ఒక్కసారి ఉరికితే ఎవరి పేరు ఎవరికి పోయిందో ఏమో. మన ఉత్తరం కిటికీకి సలాలా ప్రింటర్‌కు కట్టిన పేరు తగిలింది సార్."

బడి. పంతులు. నలుగురు పిల్లలు. ఇద్దరం ఏసీ వంక చూడలేదు ఈసారి.

అన్నీ మూసేసి, ఒకదాని తర్వాత ఒకటి తెరిచాం. "సిద్ధం" అని రాగానే తర్వాతది, మళ్ళీ "సిద్ధం" అనగానే తర్వాతది. ఉత్తరం పంపాను. ఫోన్ మోగింది. "అయిదోది వచ్చిందనా," అన్నాడు సుబ్బారెడ్డి.

"అయితే ఆ గుర్తు అబద్ధం సార్," అన్నాడు నయీమ్. "సిద్ధం అన్నంక ఇంకా కొంచెం సేపటికి వస్తది పేరు. ఎంత సేపు అనేది తెల్వదు. మస్తాన్ సాబ్‌కే తెలుసు."

అప్పుడు నాకు వెలిగింది. చల్లటి టీ అయితే ఒక్క గుక్కలో దింపేయొచ్చు. కాలే టీ అలా తాగలేం. ఊదుకోవాలి, చప్పరించాలి, ఆగాలి. సగం గ్లాసు కాలే టీ ఎవరు తాగినా దాదాపు అంతే సేపు పడుతుంది. రంజాన్‌లో తొంభైతొమ్మిది పూసలకూ అంతే సేపు. మేము పన్నెండేళ్ళు అహంభావమనీ, చాదస్తమనీ, భక్తి అనీ రకరకాల పేర్లు పెట్టుకున్నది ఒక గడియారం.

ఆయన సొరుగు తెరిచాను. మడత పెట్టిన చేతిరుమాలు మీద గాజు గ్లాసు బోర్లించి ఉంది. మా సంఘంలో జపమాలలు లేవు, ఉన్నా తొందరలో లెక్క తప్పేవాణ్ణి. పరుగున వెళ్ళి నీళ్ళు మరిగించి, టీ పొడి వేసి, పొగలు కక్కుతుండగా తెచ్చుకుని కూర్చున్నాను. మొదటి కిటికీ. సగం గ్లాసు. నాలుక కాలింది. రెండో కిటికీ. అంగిలి ఊడింది. పన్నెండుంబావు.

"సార్, సిద్ధం అని వచ్చింది సార్. తెరిచేయుండ్రి," అని నయీమ్ వెనక నుంచి నా కుర్చీ ఊపేస్తున్నాడు.

"ఆగల్లప్పా," అన్నాను. నా నోట కడప భాష నాకే కొత్తగా వినిపించింది.

మూడోది. నాలుగోది. ఉత్తరం పంపాను. మూలన ఉన్న ప్రింటర్ ఒకసారి దగ్గి, మూలిగి, కాగితం కక్కింది. ముదీర్ మోకాలు సంగతి మరిచి మా బల్ల దగ్గరికే నడిచివచ్చి, నిలబడే స్టాంపు వేసి, కాగితాన్ని డ్రైవరు చేత ఆసుపత్రికి పంపారు. ఒంటిగంటకు అయిదు నిమిషాలు ఉందనగా సుగుణ ఫోన్. "వచ్చిందండి. లోపలికి తీసుకెళుతున్నారు," అని పెట్టేసింది.

సాయంత్రం సుబ్బారెడ్డికి క్షమాపణలు చెబుదామని నేనే ఫోన్ చేశాను.

"దాందేముందిలేనా," అన్నాడు. "ఎప్పుడో మస్తాన్ భాయ్ కొత్తల్లో ఒక్కసారి ఇట్టనే వచ్చింది ఒక ఉత్తరం. ఆయన తొందరపడి తెరిచినాడంట. అవతల ఆపరేషన్ తప్పిపోయింది. ఆ మనిషి ఇప్పుడు ఇక్కడే, మా సలాలాలో కొబ్బరితోటలో పనిచేస్తా ఉండాడు. కాలు ఈడ్చుకుంటా నడుస్తాడు. మస్తాన్ భాయ్ పండక్కీ పండక్కీ నాకు ఫోన్ చేసి, ఎట్టుండాడని అడిగేవాడు. మీకు చెప్పలా?"

చెప్పలేదు. ఆ మనిషికి కోపం తెప్పించే గుణం ఇదే. లోకంలో అందరి జ్వరాలూ విచారిస్తారు, తన గుండెలోని ముల్లు మాత్రం ఫ్లాస్కు మూతలా బిగించి పెట్టుకుంటారు. "త్వరగా, త్వరగా" అని మేం వెయ్యిసార్లు అన్నాం, నిజమే. "ఎందుకు" అని ఒక్కసారి అడగలేదు, అదీ నిజమే. కానీ అడక్కపోతే చెప్పకూడదా? పక్క కుర్చీయే కదా.

మర్నాడు నయీమ్ తన ఐకాన్‌లో ఒక్క లైను చేర్చాడు. కిటికీకీ కిటికీకీ నడుమ ఒక్కో నిమిషం ఆగమని. అంతే. పన్నెండేళ్ళ యాతనకు విరుగుడు ఒక్క లైను. ఇప్పుడు ఒకసారి నొక్కితే చాలు, అవే వరసగా, పేరు పేరునా తెరుచుకుంటున్నాయి. ఒక్క ఉత్తరమూ దారి తప్పలేదు. ఎల్లయ్యను మొన్న లేపి నిలబెట్టారట. "కిటికీలు తెరిచిన సారుకు దండాలు చెప్పుండ్రి," అన్నాడట సుగుణతో. ఆ దండాలు నావి కావు. ఇక్కడ రాసి వాటి సొంతదారుకు ఒప్పగిస్తున్నాను.

ఇలాంటి వ్యాసం చివర ఆత్మశాంతి కోరడం ఆనవాయితీ. ఆయన ఆత్మకు శాంతి ఏనాడూ కొదవ లేదు. అశాంతి అంతా పక్క కుర్చీ వాటా. ఆ కుర్చీలో కూర్చున్నవాడిగా ఒక్కటే మనవి చేసుకుంటాను. నయీమ్ రాసిన లైను ఒక్కో నిమిషం చక్కగా ఆగుతుంది. ఆగడం వరకే దానికి తెలుసు. ఆ నిమిషాల్లో మా గది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందంటే, ఏసీ ఆరోగ్యం బాగాలేదని నాకే తెలిసిపోతోంది.

ఇవాళ పొద్దున ఆ నిశ్శబ్దం పట్టలేక, రెండో కిటికీ తెరుచుకోగానే సలాలాకు ఫోన్ చేశాను. "సుబ్బారెడ్డి గారూ, ఆ కొబ్బరితోట మనిషి ఎలా ఉన్నాడండీ?" అని అడిగాను.

అవతల తలుపు దగ్గరగా వేసిన చప్పుడు వినిపించింది.

"బాగుండాడనా," అన్నాడు. "మస్తాన్ భాయ్ పోయిన సంగతి ఆయనకి ఇంకా చెప్పలా. ఎట్ట చెప్పాలో తెలియలా."

నాకూ తెలియలేదు. ఇద్దరం ఫోన్లు పట్టుకుని అలాగే ఉన్నాం. మూడో కిటికీ తెరుచుకుంది.